కాకినాడలో సొంత కాఫీ షాపు: 18 లక్షలతో దిగొచ్చా?

కాజా_కాఫీ | 9 జూన్ 2025, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. బెంగుళూరులో తొమ్మిదేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, మార్చిలో మానేసి మా ఊరు కాకినాడ వచ్చేశాను. భానుగుడి జంక్షన్‌కి దగ్గర్లో, మెయిన్ రోడ్డు మీద, మొదటి అంతస్తులో 900 చదరపు అడుగుల జాగా చూశాను. అద్దె 45 వేలు, పది నెలల అడ్వాన్సు అంటున్నారు. చేతిలో 18 లక్షలు ఉన్నాయి. అందులో 6 లక్షలు నాన్న పీఎఫ్ డబ్బు. అది పోతే ఇంట్లో మొహం చూపించలేను.

అనుకుంటున్నది ఇదీ: రెండు గ్రూపుల (ఒకేసారి రెండు చోట్ల కాఫీ దింపే) ఎస్ప్రెసో మిషన్, అరకు గింజలు, పోర్ ఓవర్ (పొడి మీద చేత్తో వేడినీళ్లు పోసి వడకట్టే కాఫీ), గోడకి పుస్తకాల షెల్ఫు, 28 సీట్లు, మెనూలో 34 ఐటమ్స్. ఫిల్టర్ కాఫీ పెట్టను, అది ప్రతి సందులోనూ దొరుకుతుంది కదా.

శుక్రవారం అడ్వాన్సు ఇవ్వాలి. ఏం చూసుకోవాలో చెప్పండి. తిట్టినా ఫర్వాలేదు.

ఇరానీ_చాయ్ | 9 జూన్, రాత్రి 11:05

కాకినాడలో కాఫీకి 150 ఎవరిస్తారండీ బాబూ. ఆ డబ్బుతో కడుపునిండా భోంచేసి కాజా కూడా తినొచ్చు.

మూసేసినోడు | 10 జూన్, ఉదయం 6:50

పేరు చూస్తే తెలుస్తుంది కదా నేనెవరో. 2021 చివర్లో హైదరాబాద్ కొండాపూర్‌లో తెరిచాను, 19 నెలలకి మూసేశాను. 32 లక్షలు. అందులో 11 లక్షలు ఒక్క ఇంటీరియర్‌కే. సీలింగుకి వెదురు బుట్టల లైట్లు పెట్టించాను, ఫొటోల్లో అద్భుతంగా ఉండేవి. ఆఖరి రోజున ఒకాయన వచ్చి ఆ బుట్టలు పది కలిపి ఎనిమిది వందలకి అడిగాడు. నేను పన్నెండొందలు అన్నాను. వెయ్యికి తెగింది. ఒక్కోటీ 2,400 పెట్టి కొన్నవి.

నా షాపు ఖాళీగా ఉండి మునగలేదు, అది ముందు అర్థం చేసుకోండి. నిండుగా ఉండి మునిగింది. మధ్యాహ్నం రెండింటికి వచ్చి చూస్తే కుర్చీ దొరికేది కాదు. ఒక్కో టేబుల్ దగ్గరా ఒక లాప్‌టాప్, ఒక చల్లారిపోయిన కాపచినో, మూడు గంటల సేపు. ఏసీ నాది, వైఫై నాది, ఛార్జింగ్ పాయింటు నాది. వాళ్ల తప్పు కాదు, అలా కూర్చోవడానికే కదా పిలిచాను. 28 సీట్లు అన్నారు మీరు. సీటు ఆస్తి అనుకుంటాం. సీటుకి అద్దె మనం కడుతుంటాం.

శుక్రవారం అడ్వాన్సు ఇవ్వకండి. ఆ జాగా ఎక్కడికీ పోదు. పోతే పోనివ్వండి.

బీచ్‌రోడ్డు_బరిస్టా | 10 జూన్, ఉదయం 9:14

విశాఖలో ఆరేళ్లుగా నడుపుతున్నాను, ఇంకా బతికే ఉన్నాను. కాబట్టి కొంచెం మాట్లాడే హక్కుంది అనుకుంటున్నా.

కాజా గారూ, మీ పోస్టులో మిషన్ ఉంది, గింజలున్నాయి, పుస్తకాలున్నాయి. రోజుకి ఎన్ని కప్పులు అమ్ముతారన్నది లేదు. నెల లెక్క వేద్దాం. అద్దె 45 వేలు. ముగ్గురు మనుషులు, తక్కువలో తక్కువ 48 వేలు. కరెంటు, ఏసీతో కలిపి 12 వేలు. మిషన్ మీద వాయిదా 18 వేలు అనుకుందాం. గ్యాసు, నాప్కిన్లు, రిపేర్లు, పగిలిన కప్పులు, అన్నీ ఓ పది వేలు. మొత్తం 1,33,000. తలుపు తీసినా తీయకపోయినా పోయే డబ్బు ఇది.

పన్ను కాకుండా మనిషికి సగటు బిల్లు వంద రూపాయలు అనుకోండి. పాలు, గింజలు, పంచదార, కప్పు, మూత కలిపి 35 పోతే 65 మిగులుతుంది. 1,33,000ని 65తో భాగిస్తే 2,046 మంది. సెలవు లేకుండా నడిపితే రోజుకి 68 మంది. ఇది మీరు ఒక్క రూపాయి తీసుకోకుండా. మీకు నెలకి పాతిక వేలు కావాలంటే 81 మంది. వర్షం పడినా, పరీక్షలున్నా, ఐపీఎల్ ఫైనల్ ఉన్నా 81.

ఇప్పుడు పని చెప్తాను. ఆ బిల్డింగుకి ఎదురుగా ఎక్కడైనా కూర్చోండి. మూడు రోజులు, సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది. ఒక నోట్‌బుక్కు. ముందు నుంచి పోయేవాళ్లని కాదు, ఆగేవాళ్లని లెక్కపెట్టండి. ముఖ్యంగా ఆ రోడ్డులో మెట్లెక్కి మొదటి అంతస్తుకి వెళ్తున్నవాళ్లు ఎందరో చూడండి. అది రాసి పెట్టాక మాట్లాడదాం.

డల్లాస్_శీను | 10 జూన్, ఉదయం 10:31

ఐడియా బావుంది సిస్టర్. ఇక్కడ మేం నలుగురం ఫ్రెండ్స్ ఉన్నాం, ఇండియాలో ఏదైనా చిన్నగా పెట్టాలనుకుంటున్నాం. ఐదు ఊళ్లలో ఫ్రాంచైజీ చేస్తే ఎలా ఉంటుంది?

మూసేసినోడు | 10 జూన్, ఉదయం 10:40

శీనూ, ముందు ఒక ఊళ్లో ఒక కప్పు అమ్మనీ.

గల్లాపెట్టె | 10 జూన్, మధ్యాహ్నం 3:20

మాది తెనాలి. తాతగారి నాటి కాఫీ హోటలు, ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. మా వైపు ఇప్పటికీ పెద్దవాళ్లు ఇడ్లీ తినడానికి వెళ్తూ కూడా ‘కాఫీ హోటలుకి’ అనే అంటారు. అంటే ఈ వ్యాపారం మనకి కొత్తది కాదమ్మా. మీరంతా దానికి ఇంగ్లీషు బోర్డు పెట్టి కొత్తగా కనిపెట్టామనుకుంటున్నారు.

ఫిల్టర్ కాఫీ పెట్టనన్నావు. ప్రతి సందులోనూ దొరుకుతుందన్నావు. దొరుకుతుంది, నిజమే. తాగగలిగేది ఎన్ని చోట్ల దొరుకుతుంది? పొద్దున కాచిన పాలే సాయంత్రం దాకా మరుగుతూ ఉంటాయి. మూడోసారి పోసిన నీళ్ల డికాషను. పంచదార పాకం. నీ ఊళ్లో ఒక్క మంచి ఫిల్టర్ కాఫీ చోటు చెప్పు, నేను నోరు మూసుకుంటాను.

మా పద్ధతి చెప్తాను, దాచుకోవడానికేమీ లేదు. గింజల్లో పీబెర్రీ రకం సగం, ప్లాంటేషన్ ఏ రకం సగం. నూటికి ఎనభై కాఫీ, ఇరవై చికోరీ వేరు పొడి. పొడి ఫిల్టర్లో వేసి పైన చిల్లుల బిళ్ల ఊరికే ఆనించాలి, అదిమితే నీళ్లు దిగవు. తెర్లిన నీళ్లు పోసి అరగంట దాని జోలికి పోకూడదు. తాతగారు తయారైన డికాషను ఒక చుక్క స్టీలు పళ్లెం మీద వేసి పళ్లెం వంచేవారు. చుక్క వెనక ఎర్రటి చార కనిపిస్తూ నెమ్మదిగా జారితే సరే. గబుక్కున జారిపోతే ఆ ఫిల్టరు పక్కన పెట్టి కాఫీ మాస్టర్ని పిలిచేవారు. నాకిప్పుడు 52 ఏళ్లు, రోజూ పొద్దున్నే నేనూ అదే పళ్లెం వంచుతాను.

బీచ్‌రోడ్డు_బరిస్టా | 10 జూన్, సాయంత్రం 5:02

గౌరవంతోనే అంటున్నా గల్లాపెట్టె గారూ, ఇరవై శాతం చికోరీ కలిపాక గింజ ఏ తోటదైతే ఏం? అరకు నుంచి తెచ్చినా అంతే. రంగు కోసం, చిక్కదనం కోసం కలిపేదే కదా.

గల్లాపెట్టె | 10 జూన్, సాయంత్రం 5:30

అవును, చిక్కదనం కోసమే. గేదె పాలల్లో నిలబడాలంటే ఆ పట్టు కావాలి. నీ నల్ల కాఫీకి అక్కర్లేదు, నా కాఫీకి కావాలి. చట్టం కూడా ఒప్పుకుంది: మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, ఎంత కలిపారో ప్యాకెట్టు మీద రాయాలి. రాసి కలిపితే రుచి, రాయకుండా కలిపితే కల్తీ. నువ్వు ఫ్లేవర్ సిరప్ రెండు పంపులు కొట్టి వంద ఎక్కువ వేస్తావు, దాన్నేమంటారు?

ఇరానీ_చాయ్ | 10 జూన్, సాయంత్రం 5:33

పాప్‌కార్న్ తెచ్చుకుంటున్నా. టీతో.

పద్దుల_పంతులు | 10 జూన్, రాత్రి 8:15

విజయవాడలో ఆడిటర్ని. రుచుల గొడవ మీరు చూసుకోండి, నేను కాగితాల సంగతి చెప్తా.

హోటలు, కేఫ్ బిల్లు మీద జీఎస్టీ 5 శాతం, కానీ ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. అంటే మిషన్ మీద, ఫర్నిచర్ మీద మీరు కట్టిన 18 శాతం తిరిగి రాదు. 5 లక్షల మిషన్ అనుకుంటారు, 5 లక్షల 90 వేలు అవుతుంది. ప్రాజెక్టు రిపోర్టులో ఇది వేసుకోకుండా వచ్చేవాళ్లే ఎక్కువ.

ఇంకొకటి, దీని దగ్గర చాలామంది బోర్లా పడుతున్నారు. 2024 అక్టోబర్ 10 నుంచి, ఇంటి యజమానికి జీఎస్టీ నంబరు లేకపోయినా, అద్దెకున్న మీకు ఉంటే, ఆ షాపు అద్దె మీద 18 శాతం మీరే కట్టాలి. 45 వేల అద్దెకి నెలకి 8,100. అదీ తిరిగి రాదు. కాంపొజిషన్ స్కీములో (చిన్న వ్యాపారుల పన్ను పద్ధతి) ఉన్నవాళ్లని మాత్రం 2025 జనవరిలో దీన్నుంచి తప్పించారు. మీలాంటి చిన్న షాపుకి కాంపొజిషన్ ఒకసారి ఆలోచించండి: ఏడాదికి కోటిన్నర లోపు టర్నోవర్, అమ్మకం మీద 5 శాతం మీ జేబులోంచి కట్టాలి, బిల్లులో పన్ను విడిగా వేయకూడదు. యజమానికి నంబరు ఉండి ఆయనే అద్దె మీద పన్ను వేస్తే మాత్రం అది తప్పదు.

ఫుడ్ సేఫ్టీ: ప్రస్తుతం, అంటే 2025లో, టర్నోవర్ ఏడాదికి 12 లక్షల లోపైతే రిజిస్ట్రేషన్ చాలు, ఏడాదికి వంద రూపాయలు. దాటితే రాష్ట్ర లైసెన్సు. మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, లేబర్ డిపార్టుమెంటు రిజిస్ట్రేషన్ మామూలే. కరెంటు మీటరు ఇంటి కేటగిరీలో ఉంటే కమర్షియల్‌కి మార్పించండి. గ్యాసు 19 కిలోల సిలిండరే వాడండి, ఇంట్లోది పట్టుకెళ్లి పెట్టొద్దు.

అగ్రిమెంటు 11 నెలలకి రాసి ఊరుకుంటారు అందరూ. రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పుతుందని అలా చేస్తారు. లక్షలు పోసి గోడలు చేయించేవాళ్లు మాత్రం ఆ ఖర్చు పెట్టుకోవాలి. మూడేళ్ల దాకా ఖాళీ చేయమనకూడదు, అద్దె ఏడాదికి ఇంతకు మించి పెరగకూడదు అని రాసుకుని రిజిస్టర్ చేయించండి.

మూసేసినోడు | 10 జూన్, రాత్రి 8:40

పంతులు గారి ఆఖరి పేరా నా ఫ్రిజ్ మీద అంటించుకుని ఉంటే బావుండేది. నా 11 నెలలు అయ్యాక ఓనరు కూర్చుని, నా కాపచినోయే తాగుతూ, “బాగా నడుస్తోందిగా” అని నవ్వి పన్నెండు వేలు పెంచాడు.

కాజా_కాఫీ | 14 జూన్, రాత్రి 9:58

అడ్వాన్సు ఇవ్వలేదు. బ్రోకరు అలిగాడు.

లెక్కపెట్టాను. ఎదురుగా జ్యూస్ షాపులో కూర్చున్నా, మూడు రోజుల్లో తొమ్మిది బత్తాయి రసాలు తాగాను. ఆ బిల్డింగు మొదటి అంతస్తులో నేను చూసిన జాగా పక్కనే ఒక మొబైల్ రిపేరు షాపు ఉంది. మూడు సాయంత్రాల్లో ఆ మెట్లెక్కింది 41 మంది. వాళ్లలో ఎక్కువమంది పగిలిన ఫోనుతో, అంటే తప్పక ఎక్కినవాళ్లు. అదే మెట్ల కింద ఒక టీ బండి ఉంది. శుక్రవారం ఒక్కరోజే, ఆరు నుంచి ఎనిమిది మధ్య, 212 కప్పులు. ఒక దశలో నేను గీతలు గీయడం మానేసి ఆయన చేతుల్నే చూస్తూ కూర్చున్నా. కుడిచేత్తో పోస్తాడు, ఎడమచేత్తో చిల్లర ఇస్తాడు, మొహం మాత్రం తరవాత వచ్చేవాడి వైపు. ఎవరికి పంచదార తక్కువో అడగడు, గుర్తే.

మొదటి అంతస్తు ఆలోచన వదిలేశాను. కింద చిన్నది వెతుకుతున్నా. గల్లాపెట్టె గారూ, మా ఊళ్లో మంచి ఫిల్టర్ కాఫీ చోటు చెప్పమన్నారు. రెండు రోజులు తిరిగి ఏడు చోట్ల తాగాను. మీరు నోరు మూసుకోనక్కర్లేదు.

పాడేరు_ఘాటు | 16 జూన్, ఉదయం 7:25

అక్కా, అరకు గింజలు అన్నావు కదా, అందుకే రాస్తున్నా. మాది పాడేరు దగ్గర ఊరు, మా నాన్నకి ఎకరంన్నర కాఫీ ఉంది. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి మిరియాల తీగలు, కింద కాఫీ. నవంబర్ నుంచి పండు కోత. పండిన ఎర్రవి మాత్రమే ఏరి కొయ్యాలి, అదే చెట్టు దగ్గరికి మూడు నాలుగు సార్లు వెళ్లాలి. ఆరు కిలోల పండు కోస్తే కిలో గింజ మిగులుతుంది, దాన్ని వేయిస్తే మళ్లీ నూట యాభై, నూట అరవై గ్రాములు తగ్గుతుంది. ఈ లెక్క తెలిశాక ఎవరైనా ‘అరకు కాఫీ’ మరీ చవగ్గా ఇస్తానంటే నువ్వే అనుమానపడతావు.

అరకు వ్యాలీ అరబికా రకం కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు (అక్కడ పండినదానికే ఆ పేరు) వచ్చింది. అయినా విశాఖ నుంచి వచ్చే ప్రతి ప్యాకెట్టు మీదా ఆ పేరే. కొనేటప్పుడు మూడు అడుగు: ఏ ఏడాది కోత, ఏ ఊరు, ఎలా ఎండబెట్టారు. నేల మీద ఆరబోస్తే మట్టి వాసన పడుతుంది, మంచెల మీదో టార్పాలిన్ల మీదో ఆరబెట్టాలి. మావాళ్లు చాలామంది గిరిజన సహకార సంస్థకి అమ్ముతారు, కొంతమంది స్వచ్ఛంద సంస్థలకి, కొంతమంది ఇంకా సంతలో షావుకారుకే.

ధర గురించి: గత ఏడాది నుంచి ప్రపంచ మార్కెట్టు పిచ్చెక్కింది. బ్రెజిల్‌లో, వియత్నాంలో వానల్లేక పంట దెబ్బతింది, మొన్న ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో అరబికా పౌను నాలుగు డాలర్లు దాటింది. కాబట్టి నెలకోసారి కొనకు. కోత అయ్యాక ఆరు నెలల సరుకు మాట్లాడుకుని కొంత బయానా ఇవ్వు, రేటు నిలబడుతుంది. పచ్చి గింజ మీ సముద్రపు ఊళ్లో ఎక్కువ రోజులు ఉంచొద్దు, తేమ పీలుస్తుంది. వేయించిన గింజ పది పదిహేను రోజులకి సరిపడా తెప్పించుకో.

బీచ్‌రోడ్డు_బరిస్టా | 16 జూన్, ఉదయం 11:47

తమ్ముడి మాట బంగారం. ఒక్క సవరణ: వేయించిన రోజే ఎస్ప్రెసోకి వాడితే గ్యాసు వల్ల నురగ తప్ప రుచి ఉండదు. వారం పక్కన పెట్టి వాడండి.

మిషన్ సంగతి. కాజా గారూ, కింద చిన్న జాగా అంటున్నారు కాబట్టి రెండు గ్రూపులు మర్చిపోండి. ఒక గ్రూపు, సెకండ్ హ్యాండ్ అయినా సరే, మీ ఊరికి వచ్చి బాగుచేసే మెకానిక్ ఉన్న కంపెనీది. మిగిలిన డబ్బు గ్రైండర్ మీద పెట్టండి. 18 గ్రాముల పొడి వేస్తే 25 నుంచి 30 సెకన్లలో 36 గ్రాములు దిగాలి. పొద్దున సరిగ్గా దిగింది మధ్యాహ్నం వాన పడగానే మారిపోతుంది, మీ ఊళ్లో గాలి తడి అలాంటిది. దాన్ని సరిచేసేది గ్రైండర్ మాత్రమే, ఎంత ఖరీదు మిషన్ అయినా చేయలేదు. కిలోకి లెక్క ప్రకారం 55 డబుల్ షాట్లు (18 గ్రాములవి) రావాలి, సర్దుకోవడంలో పోయేవి పోగా 50 వేసుకోండి.

నీళ్లు కొలిచారా? ఇది అందరూ ఆఖర్న చూస్తారు, ముందు చూడాల్సింది. నా మొదటి మిషన్ బాయిలర్ 14 నెలలకి విప్పితే లోపల సున్నం, గుడ్డు పెంకులా వలిచాం. 38 వేల బిల్లు.

కాజా_కాఫీ | 17 జూన్, సాయంత్రం 6:10

కొలిచాను. బోరు నీళ్లు టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) 1,140. మున్సిపల్ కుళాయి 230. ఆర్వో పెడితే 25 వస్తోంది. 25 మంచిదే కదా?

బీచ్‌రోడ్డు_బరిస్టా | 17 జూన్, సాయంత్రం 6:31

కాదు. మరీ లవణాలు లేని నీళ్లలో కాఫీ చప్పగా దిగుతుంది. పైగా కొన్ని మిషన్లలో నీటి మట్టం కనిపెట్టే కడ్డీకి అలాంటి నీళ్లు కనిపించవు, బాయిలర్ నిండుతూనే ఉంటుంది. ఆర్వో నీళ్లలో మున్సిపల్ నీళ్లు కలిపి 100, 120 దగ్గర ఉంచండి. బోరు నీళ్లు గిన్నెలకి కూడా వద్దు, గ్లాసుల మీద తెల్ల చారలు పడతాయి.

మూసేసినోడు | 18 జూన్, ఉదయం 8:05

మనుషుల సంగతి ఎవరూ మాట్లాడలేదు. నాకు మిషన్ కంటే అదే ఎక్కువ నేర్పింది.

ఇద్దరు కుర్రాళ్లని పెట్టుకున్నాను, ఒకడిది శ్రీకాకుళం, ఒకడిది ఒడిశా. శ్రీకాకుళం వాడికి పాల నురగ మీద ఆకు గీయడం, హంస గీయడం నేర్పాను. నాలుగు నెలలు రోజుకి రెండు లీటర్ల పాలు సింకులో పోశాం వాడి చెయ్యి తిరగడానికి. చెయ్యి తిరిగింది. పెద్ద కంపెనీ షాపువాళ్లు నాలుగు వేలు ఎక్కువిస్తామన్నారు, వెళ్లిపోయాడు. హంస గీయడం నేర్పింది నేను, ఎగిరిపోయింది వాడు. వాణ్ని ఏమీ అనను, నేనైనా వెళ్తాను.

నా తప్పేంటంటే, వాడు వెళ్లిన రోజు ఉదయం షాపు తెరిచాక మిషన్ ముందు నిలబడితే నాకు ఏమీ రాదు. ఓనరుని, గల్లా దగ్గర కూర్చుని పోస్టర్లు డిజైన్ చేసుకునేవాణ్ని. కస్టమర్లు ఎదురుగా ఉన్నారు, నా చేతిలో పాల జగ్గు కీచుమని అరుస్తోంది. ఆ రోజు పదకొండు మంది లేచి వెళ్లిపోయారు.

కాబట్టి కాజా గారూ, ముందు మీరు చేయండి. ఆరు నెలలు మీ చేత్తో మీరే.

గల్లాపెట్టె | 18 జూన్, ఉదయం 9:30

ఇన్ని రోజులకి ఒక మంచి మాట విన్నాను ఈ వేదికలో. గిన్నెలు తోమే మనిషిని కూడా లెక్కలో వేసుకో అమ్మా. మాస్టర్ రాకపోతే నువ్వు కాఫీ కలుపుతావు. తోమే మనిషి రాకపోతే పది గంటలకి గ్లాసులు అయిపోతాయి, అంతే సంగతులు. మా దగ్గర సంక్రాంతికి మాస్టర్‌కి బట్టలు పెట్టకముందే ఆవిడకి చీర పెడతాం.

పాల గురించి: ఫిల్టర్ కాఫీకి ఆరు శాతం వెన్న ఉన్న పాలు తీసుకో, మూడు శాతం టోన్డ్ పాలతో నీళ్ల కాఫీయే. ఒక్కసారి కాచు, కొంచెం కొంచెం కాచు. పాలు విరిగితే కాఫీ పొడిని తిట్టకు, గిన్నె అడుగు చూసుకో.

కాజా_కాఫీ | 30 ఆగస్టు 2025, రాత్రి 11:20

రెండు నెలలైంది, చెప్పాలి కదా. గాంధీనగర్ పార్కు వైపు ఒక చిన్న షాపు దొరికింది. ఇదివరకు జిరాక్స్ షాపు. 260 అడుగులు, కింద అంతస్తు, అద్దె 16 వేలు, మూడు నెలల అడ్వాన్సు, మూడేళ్లకి రిజిస్టర్ చేయించాను. ఓనరుగారు రిటైర్డ్ టీచరు. “ఏం పెడతావమ్మా” అంటే కాఫీ అన్నాను. “పొద్దున ఐదున్నరకి తెరుస్తావా” అన్నారు. పార్కులో నడిచేవాళ్లు ఆరింటికి బయటికొస్తారట, వాళ్లకి ఏమీ దొరకదట. నా ప్లానులో తెరిచే టైము పదకొండు!

మెనూ 34 నుంచి తొమ్మిదికి వచ్చింది. అందులో మొదటిది ఫిల్టర్ కాఫీ. జూలైలో తెనాలి వెళ్లి వారం రోజులు ఉన్నాను. ఎవరి దగ్గరో చెప్పను. పళ్లెం వంచడం వచ్చింది.

పాడేరు తమ్ముడూ, అరకు తోటల్లో కాయ తొలిచే పురుగు వచ్చిందని పేపర్లో చదివాను, మీ వైపు ఎలా ఉంది?

పాడేరు_ఘాటు | 31 ఆగస్టు, ఉదయం 6:40

మా ఊరికి రాలేదక్కా ఇంకా. అధికారులు తోట తోటకీ తిరిగి చూస్తున్నారు, పురుగున్న కాయలు కోసి తీసేస్తున్నారు. మా నాన్న రోజూ కాయని అరచేతిలో పెట్టుకుని కొనకి చిన్న చిల్లు ఉందేమోనని చూస్తున్నాడు, కళ్లజోడు కొత్తది చేయించాం. నీకు చెప్పిన నలభై కిలోలు పక్కన పెడతా, కోత అయ్యాక.

డల్లాస్_శీను | 31 ఆగస్టు, ఉదయం 8:12

సిస్టర్, ఫ్రాంచైజీ విషయం ఏమైనా ఆలోచించారా?

కాజా_కాఫీ | 18 జనవరి 2026, సాయంత్రం 4:35

దసరా రోజు తెరిచాను. బోణీ ఓనరుగారే, ముప్ఫై రూపాయలు చిల్లర లెక్కపెట్టి ఇచ్చారు, వద్దంటే ఊరుకోలేదు.

లెక్కలు అడుగుతారని తెలుసు కాబట్టి ముందే పెడుతున్నా. గత నెల సగటు రోజుకి 90 కప్పులు. ఫిల్టర్ 61, కాపచినో, లాటే కలిపి 15, కోల్డ్ కాఫీ 10, పోర్ ఓవర్ 4. ఆ నలుగురిలో ఇద్దరు రోజూ వచ్చే మెడికల్ కాలేజీ హౌస్‌సర్జన్లు. ఫిల్టర్ 30, కాపచినో 120. బన్నులూ బిస్కెట్లతో కలిపి రోజుకి 6,400 దాకా, నెలకి 26 రోజులు. అన్నీ పోగా, కాంపొజిషన్ పన్ను కూడా పోగా, నాకు మిగిలింది 19 వేలు. బెంగుళూరు జీతం తలుచుకుంటే నవ్వొస్తుంది. నాన్న పీఎఫ్ 6 లక్షలు ముట్టుకోలేదు, అది ఆయన ఖాతాలోనే ఉంది.

ఏడింటి నుంచి తొమ్మిదింటి దాకా ఊపిరాడదు. పదకొండు నుంచి నాలుగు దాకా ఈగలు. ఆ టైములో ఏం చేయాలో ఇంకా తెలీలేదు. డెలివరీ యాప్ పెట్టి చూశాను. కమిషన్ పాతిక శాతం, దాని మీద 18 శాతం పన్ను, డబ్బాలో వెళ్లిన ఫిల్టర్ కాఫీ అరగంటకి మీగడ కట్టి “చల్లగా ఉంది” అని ఒక స్టారు. తీసేశాను.

పుస్తకాల షెల్ఫు కూడా పెట్టాను, చిన్నది. ఎక్కువగా తీసేది పంచాంగం.

మూసేసినోడు | 18 జనవరి, సాయంత్రం 5:10

19 వేలు మిగిలిందా! నాకు 19 నెలల్లో ఒక్క నెలా ఆ అంకె రాలేదు. మధ్యాహ్నం మూసేసి పడుకోండి. నిజంగానే అంటున్నా. ఐదు గంటల ఏసీ కరెంటు మిగులుతుంది.

గల్లాపెట్టె | 18 జనవరి, రాత్రి 7:45

మేం ఒంటిగంట నుంచి మూడున్నర దాకా షట్టరు సగం దించుతాం. అరవై ఏళ్లుగా. వచ్చేవాళ్లకి తెలుసు.

కాజా_కాఫీ | 2 ఫిబ్రవరి 2026, ఉదయం 5:15

అర్జంటు. మిషన్‌లో హ్యాండిల్ బిగించే చోట, పక్క నుంచి నీళ్లు కారుతున్నాయి. ఎంత బిగించినా ఆగట్లేదు. ఫిల్టర్ కాఫీతో నెట్టుకొస్తా కానీ సాయంత్రానికి కావాలి. మెకానిక్ గురువారం అంటున్నాడు.

బీచ్‌రోడ్డు_బరిస్టా | 2 ఫిబ్రవరి, ఉదయం 5:52

గ్రూపు రబ్బరు గాస్కెట్ గట్టిపడి ఉంటుంది, మీరే మార్చొచ్చు. మిషన్ ఆఫ్ చేసి చల్లారనివ్వండి. జల్లెడ తీసి, రబ్బరుని సన్న స్క్రూడ్రైవర్‌తో గుచ్చి లాగండి, ముక్కలుగా వస్తుంది, ఫర్వాలేదు. లోపల గాడిలో నల్ల మడ్డి అంతా గీకేయండి. పాత రబ్బరు పారేయకండి, మందం కొలవాలి. ఎనిమిదా, ఎనిమిదిన్నర మిల్లీమీటర్లా?

కాజా_కాఫీ | 2 ఫిబ్రవరి, ఉదయం 6:40

ఎనిమిదిన్నర. బయట ఆరుగురు నిలబడ్డారు, తరవాత వస్తా.

బీచ్‌రోడ్డు_బరిస్టా | 2 ఫిబ్రవరి, ఉదయం 6:44

నా దగ్గర రెండున్నాయి. పొద్దున ట్రైన్‌కి మా కుర్రాడు కాకినాడ వస్తున్నాడు, వాడి చేతికిస్తా. ఒక ఫిల్టర్ కాఫీ పోసి పంపించండి. చికోరీ తక్కువ.